నారాయణమూర్తి గారి బెంచీకి పట్టిన తుప్పు

1999 ఏప్రిల్లో మా కంపెనీ వాళ్ళు నన్ను వర్క్‌షాపులోంచి తీసి క్వాలిటీ సెక్షన్లో వేసేరు. హోదా జూనియర్ ఇంజనీరు నుంచి అసిస్టెంట్ ఇంజనీరు అయింది. కాకినాడ శివార్లలో మాది ఇనప సామాను తయారుచేసే కంపెనీ. బస్టాండులకీ, పార్కులకీ, ఆసుపత్రి ఆవరణలకీ, పడవల రేవులకీ బెంచీలు చేసి పంపేవాళ్ళం. బెంచీ అంటే కూర్చునే వస్తువని లోకం అనుకుంటుంది. మా సెక్షన్లో దాన్ని తుప్పు పట్టే వస్తువుగానే చూసేవాళ్ళం.

ఈ ఉద్యోగం గురించి తెలియనివాళ్ళ కోసం కాస్త చెప్పాలి. ఇనప గొట్టాలూ పట్టీలూ కోసి, వెల్డింగు చేసి, యాసిడ్లో కడిగి, కరిగిన జింకు తొట్టెలో బెంచీ మొత్తాన్ని ముంచి తీస్తాం. దీన్ని గాల్వనైజింగ్ అంటారు. పైన జింకు ఉన్నంతకాలం గాలీ తేమా ముందు ఆ జింకునే తింటాయి, లోపలి ఇనుము జోలికి పోవు. పూత మందాన్ని మైక్రాన్లలో కొలుస్తాం. మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు. దాన్ని కొలవడానికి అరచేతిలో పట్టే మీటరు ఒకటి ఉండేది. ఆ మీటరు నా చేతికి వచ్చిన కొత్తలో నేను ఇంట్లో గిన్నెలకి కూడా పెట్టి చూసేవాణ్ణి, మా ఆవిడ విసుక్కునేది.

పూత మీద ఉన్న ధైర్యంతో కంపెనీ ఐదేళ్ళ వారంటీ ఇచ్చేది. వారంటీ కార్డుకి ముందువైపు ఆ ఐదేళ్ళ ముచ్చట పెద్ద అక్షరాల్లో ఉండేది. వెనకవైపు, ఆ ఐదేళ్ళూ ఎప్పుడెప్పుడు చెల్లవో చీమ తలకాయంత అక్షరాల్లో ఉండేది. బెజ్జాలు పెట్టరాదు, వెల్డింగు చేయరాదు, పైన రంగు వేయరాదు, ఉప్పునీటిలో మునిగేలా ఉంచరాదు, రసాయనాలు తగలనివ్వరాదు. వీటిని క్లాజులు అనేవాళ్ళం. కంప్లయింటు వస్తే వెళ్ళి బెంచీని చూడ్డం, ఏ క్లాజు కింద తిప్పికొట్టచ్చో ఆలోచించడం, రిపోర్టు రాయడం నా పని. పేరుకి క్వాలిటీ ఇంజనీరుని గానీ చేసేది ప్లీడరు గుమస్తా పని.

జూన్లో మొదటి కంప్లయింటు వచ్చింది. రాజోలు దాటేక వశిష్ట గోదావరి గట్టు మీద ఒక ఊరు. ఊరి పేరు చెప్పను. అక్కడివాళ్ళు ఇప్పటికీ నాకు కొబ్బరికాయలు పంపిస్తుంటారు, చెప్పి అవి మానిపించుకోవడం నాకు ఇష్టం లేదు. తొంభై ఆరు తుపానుకి అక్కడి పడవల రేవులో షెడ్డు ఎగిరిపోతే, మరుసటేడు కొత్తది కట్టుకుని మా దగ్గర రెండు బెంచీలు కొనుక్కున్నారు. అందులో ఒకదానికి తుప్పు పట్టిందనీ, పక్కదానికి పట్టలేదనీ సత్యవతి గారని ఒకావిడ ఉత్తరం రాసేరు.

పక్కదానికి పట్టలేదన్న ముక్క చదవగానే మా మేనేజరు గారికి చెమటలు పట్టేయి. ఆయన ఉత్త గాభరా మనిషి, గాలికి తలుపు కొట్టుకున్నా ఇన్‌కమ్ టాక్సు వాళ్ళు వచ్చేరనుకునే రకం. రెండు బెంచీలూ ఒకే రోజు, ఒకే తొట్టెలో మునిగినవి. ఒకే గాలికి, ఒకే ఎండకి ఒకే షెడ్డులో ఉన్నాయి. అలాంటప్పుడు ఒకటే చెడిందంటే ఆ రోజు మా పనిలోనే ఏదో తేడా జరిగుండాలి. ఆ రోజు ముంచిన బెంచీలు జిల్లాలో ఇంకా చాలా చోట్ల ఉన్నాయి. అవన్నీ వెనక్కి వస్తే కొంప మునుగుతుందని ఆయన లెక్క. ఏదో ఒక క్లాజు పట్టుకు రావాలనీ, ఒట్టి చేతులతో వస్తే మళ్ళీ వర్క్‌షాపుకే పంపేస్తాననీ చెప్పి మరీ పంపేరు.

అప్పటికి యానాం దగ్గర వంతెన ఇంకా పూర్తి కాలేదు. బల్లకట్టులాంటి పంటు మీద గోదావరి దాటి ఎదుర్లంక చేరి, అమలాపురంలో బస్సు మారి, రాజోల్లో ఇంకో బస్సు మారి, చివరికి ఆటోలో ఆ రేవుకి చేరేసరికి ఎండ నడినెత్తికొచ్చింది. ఆరోజు గురువారం.

షెడ్డులో రెండు బెంచీలూ ఎదురెదురుగా ఉన్నాయి. ఒకదాని వీపు మీద పడవల సంఘం పేరుంది. రెండోదాని మీద కీర్తిశేషులు నారాయణమూర్తి గారి జ్ఞాపకార్థం అని ఉంది. దాత పేరు లేకుండా మావేపు ఏ వస్తువూ నిలబడదు. గుళ్ళో పంఖా రెక్కల మీద కూడా పేర్లు రాయిస్తారు, అవి తిరుగుతున్నప్పుడు చదవగలిగిన మొనగాణ్ణి నేనైతే చూడలేదు. బెంచీల మీద పేర్లు మేమే రేకులో అక్షరాలుగా కోసి, వీపుకి వెల్డింగు చేసి, ఆ తరవాతే జింకులో ముంచేవాళ్ళం. కాబట్టి బెజ్జాల క్లాజు, వెల్డింగు క్లాజు అక్కడ పనికిరావు.

సంఘం బెంచీ మీద జనం కిటకిటలాడుతున్నారు. చోటు చాలక నలుగురు నేల మీద కూర్చున్నారు. నారాయణమూర్తి గారి బెంచీ మాత్రం ఖాళీగా ఉంది. దానికి పసుపు, బొట్లు, వాడిపోయిన బంతిపూల దండ. ఆ పసుపు కింద నుంచి ఎర్రగా తుప్పు. నేను ప్రయాణం బడలికలో ఏమీ చూసుకోకుండా వెళ్ళి దాని మీద కూలబడబోయేను. షెడ్డులో ఉన్నవాళ్ళందరూ ఒక్కసారిగా అయ్యయ్యో అన్నారు. నేను గాల్లోనే ఆగిపోయేను.

విషయం ఏమిటంటే, ఆ పేరు మీద వీపు ఆనించి ఎవరూ కూర్చోకూడదని సత్యవతి గారి ఆజ్ఞ. నారాయణమూర్తి గారు ఆవిడ తండ్రి. ఆ ఊరికి పెద్దమనిషి. గట్టు తగువులు, నీళ్ళ తగువులు, అన్నదమ్ముల పంపకాలు, ఏదైనా కోర్టు గడప తొక్కకుండా ఆయనే తీర్చేవారట. ఆయన పోయి నాలుగేళ్ళయినా ఊళ్ళో సగం గట్లు ఆయన మాట మీదే నిలబడ్డాయి. బెంచీ ఇచ్చింది కూర్చోవడానికే అయినా, తీరా పేరు చూసేక ఆవిడకి మనసొప్పలేదు. ఊరివాళ్ళు కూడా పోనిద్దురూ అని ఒప్పుకున్నారు. కోనసీమవాళ్ళు మర్యాద కోసం కాళ్ళు నొప్పెట్టేదాకా నిలబడగలరు.

కబురు వెళ్ళి సత్యవతి గారు వచ్చేరు. యాభై దాటిన మనిషి, పొడగరి, నడకలోనే పెద్దరికం. నాకు మంచినీళ్ళిచ్చి, ఆవిడ అడిగిన మొదటి మాట నన్ను తికమక పెట్టింది.

"బెంచీ మార్చకపోయినా పరవాలేదండి. తుప్పు ఎందుకు పట్టిందో చెప్పండి చాలు. కాగితం మీద రాసి, ఇక్కడే అందరి ముందూ చదవండి."

ఎందుకని అడిగితే ఆవిడ ఎదురు బెంచీ వేపు చూసేరు. అక్కడ మధ్యలో ఒక ముసలాయన కాలు మీద కాలేసుకుని చుట్ట కాలుస్తున్నారు. ఆయన వెంకటరత్నం గారు. ఇరవై ఏళ్ళ కిందట ఆయనకీ పక్కతోటాయనకీ గట్టు తగువు వచ్చింది. నారాయణమూర్తి గారు తాడు పట్టించి కొలిపించి, గట్టు మీదున్న ఒక కొబ్బరిచెట్టు పక్కాయనదే అని తేల్చేరు. ఒకే ఒక్క చెట్టు. అప్పటినుంచి ఆ చెట్టుకి కాయలు దింపినప్పుడల్లా వెంకటరత్నం గారికి జ్వరం వచ్చేదని ఊళ్ళో చెప్పుకునేవారు. నారాయణమూర్తి గారు బతికుండగా ఆయన ఎదట నోరెత్తలేదు. బెంచీకి తుప్పు పట్టడం మొదలయ్యేక మాత్రం ఆపలేదు. రేవు దాటే ప్రతివాడికీ ఆ తుప్పు చూపించి, తప్పుడు తీర్పులు చెప్పినాయన పేరుని ఇనుము కూడా మొయ్యలేకపోతోందని టముకు వేసేరు. మొదట్లో అందరూ నవ్వేరు. కానీ రెండు బెంచీలూ ఒకేచోట ఉండి ఒకదానికే తుప్పు పడుతుంటే నవ్వు తగ్గింది. ఆమధ్య ఇంకో ఇద్దరు ముగ్గురు తమ గట్లు కూడా మళ్ళీ కొలిపించాలని అడగడం మొదలెట్టేరు. సత్యవతి గారికి తిండి సహించడం లేదు. ఉన్నది నాన్నగారి మాట ఒక్కటే, అదీ తుప్పు పట్టిపోతోందండి అని ఆవిడ మెల్లిగా అన్నారు. ఆ మాట వింటే నాకు చాలా బాధేసింది.

బాధ సంగతి అలా ఉంచి మీటరు తీసేను. జనం చుట్టూ మూగేరు. మీటరు పెట్టినప్పుడల్లా ఎంతండీ, ఎంతండీ అని అడగడం, నేను చెప్పగానే ఒకరికొకరు చెప్పుకోవడం. జ్వరం చూసే డాక్టరుకి కూడా అంత శ్రద్ధగా వినేవాళ్ళు దొరకరు.

సంఘం బెంచీ మీద పూత నిక్షేపంలా ఉంది. చేపల బుట్టలు దింపుతున్నారు, తడి వలలు వేస్తున్నారు, ఉప్పుగాలి తగులుతోంది, అయినా చెక్కుచెదరలేదు. పైగా రోజూ జనం పంచెలు, చీరలు రాసుకుని, కొబ్బరినూనె కారే తలలు వీపుకి ఆనించి ఆనించి, పైపట్టీ నున్నగా మెరుస్తోంది. నారాయణమూర్తి గారి బెంచీకి వచ్చేసరికి ముందువైపు పూత దాదాపు పోయింది. పేరు ఉన్న రేకు మీద మరీ ఘోరం. నారాయణ వరకూ పరవాలేదు, మూర్తి దగ్గర అంచులు రాలిపోతున్నాయి. కానీ నడుం వంచి బెంచీ కింద మీటరు పెడితే, మేం కాకినాడలో ముంచినప్పటి పూత అలాగే ఉంది. వీపు వెనకాల, షెడ్డు గోడకీ బెంచీకీ మధ్య సందులోనూ అంతే. చెయ్యి ఆడే చోటల్లా తుప్పు, చెయ్యి ఆడనిచోట జింకు. గాలీ వానా అలా హద్దులు పెట్టుకుని పనిచెయ్యవు. దాంతో మా తొట్టెలో లోపం లేదని నాకు అర్థమైంది. మేనేజరు గారి ప్రాణం లేచొచ్చే సంగతే అది. ఐతే కారణం ఏమిటో మాత్రం తోచలేదు.

చుట్టూ ఉన్నవాళ్ళకి మాత్రం చాలా తోచేయి. టీకొట్టాయన బొండాల నీళ్ళు పడ్డాయేమోనన్నాడు. పడవ సరంగు ఉప్పుగాలి అన్నాడు, మరి పక్కదానికి తగలదా అంటే ఆలోచనలో పడ్డాడు. ఊరి ప్రెసిడెంటు గారు నన్ను పక్కకి తీసుకెళ్ళి, వెంకటరత్నం గారు ఏమైనా పోసేరేమో కాస్త చూడండని చెవిలో ఊదేరు. నాకూ ఆ అనుమానం నచ్చింది. యాసిడ్ పోసుంటే రసాయనాల క్లాజు దొరికినట్టే. వెళ్ళి మర్యాదగానే అడిగేను.

వెంకటరత్నం గారు చుట్ట తీసి నన్ను ఎగాదిగా చూసేరు. "తిట్టడానికి నోరుండగా నాకు యాసిడ్ ఎందుకండీ?" అన్నారు. నిజమే, ఆయన నోటిని రెండు నిమిషాలు విన్నవాడెవడూ ఇంకో ఆయుధం అవసరమనుకోడు.

బెంచీని ఎలా శుభ్రం చేస్తున్నారని సత్యవతి గారిని అడిగేను. అది మేం అందరినీ అడగాల్సిన ప్రశ్న. ప్రతి శుక్రవారం స్వయంగా కడుగుతానండి అన్నారు. కడగడం మంచిదే, ఉప్పు పోతుంది. అలాగే రాసుకున్నాను. ఇంక ఏమడగాలో తెలియలేదు. భోజనం వేళయిందని ఆవిడ వాళ్ళింటికి తీసుకెళ్ళేరు.

గోదావరివాళ్ళింట్లో భోజనానికి కూర్చోవడం ఒక్కటే మన చేతిలో ఉంటుంది, లేవడం వాళ్ళ చేతిలో ఉంటుంది. చేపల పులుసు మూడోసారి వడ్డిస్తుంటే చాలండి చాలండి అని చెయ్యి అడ్డం పెడుతూ తల పక్కకి తిప్పేను. వంటింటి గడప దగ్గర బిందెలు, చెంబులు, గంగాళం, అన్నీ ఇత్తడివి, అద్దాల్లా మెరుస్తున్నాయి. వాటి పక్కన పెద్ద బేసిన్లో చింతపండు నానుతోంది. ఐదారు కుటుంబాలకి సరిపోయేంత. రేపేమైనా శుభకార్యమా అండీ, ఇంత పులుసు పెడుతున్నారని మర్యాదకి అడిగేను.

"అది పులుసుకి కాదండీ," అన్నారు సత్యవతి గారు. "రేపు శుక్రవారం కదా, నాన్నగారి బెంచీకి."

నాకు పొలమారింది. ఆవిడ నెత్తి మీద తట్టి, మంచినీళ్ళు అందించి, మిగతాది కూడా చెప్పేరు. బెంచీ వచ్చిన కొత్తలో బూడిదరంగులో కళ లేకుండా ఉందట. తండ్రి పేరున్న వస్తువు ఇత్తడి సామానులా తళతళలాడకపోతే ఎలా అని, చింతపండు గుజ్జు దట్టంగా పట్టించి, ఉప్పు చల్లి, కొబ్బరిపీచుతో బాగా తోమేవారట. తోమినకొద్దీ మొదట్లో భలే మెరిసిందట. మెరుపు తగ్గినట్టు అనిపిస్తే ఇంకాస్త చింతపండు. ఎర్రగా మచ్చలు రావడం మొదలయ్యేక, మురికి పట్టిందనుకుని శుక్రవారంతో పాటు మంగళవారం కూడా తోమడం మొదలెట్టేరట. పనిమనిషికి కూడా ఇవ్వకుండా తనే.

ఇత్తడికి చింతపండు ఎంత మంచిదో జింకుకి అంత చెడ్డది. పులుపు జింకుని కరిగించేస్తుంది. దానికి తోడు ఉప్పు, పీచుతో రాపిడి. ఉప్పుగాలికి ఇరవై ఏళ్ళు పట్టే పనిని ఆవిడ రెండేళ్ళలో పూర్తి చేసేరు. ఊరంతటిలో ఆ బెంచీని అందరికంటే ఎక్కువ ప్రేమించిన మనిషే దాన్ని తినేసింది. ఆ సంగతి ఆవిడ పెట్టిన పులుసు తింటూ ఆవిడకే చెప్పాలి. చాలా రుచిగా ఉందండి అన్నాను.

ప్రెసిడెంటు గారి అరుగు మీద కూర్చుని రిపోర్టు రాసేను. ఎంత ఆలోచించినా ఆవిడ పేరు రాయడానికి చెయ్యి రాలేదు. కన్నకూతురే తండ్రి పేరుని తోమి తోమి చెరిపేసిందని ఊరందరి ముందూ ఎలా చదవను? ఉద్యోగంలో నేర్చుకున్న భాష అప్పుడు అక్కరకొచ్చింది. గాల్వనైజ్డ్ ఉపరితలము తరచుగా ఆమ్లపదార్థ ప్రయోగమునకు గురి అయినందున పూత నశించినది, తయారీలో లోపము లేదు, ఐదవ క్లాజు ప్రకారము వారంటీ వర్తించదు అని రాసేను. నిజం చెప్పినట్టూ ఉంటుంది, ఎవరికీ అర్థం కాకుండానూ ఉంటుందని నా ఆశ.

సాయంత్రం చివరి పడవలు వచ్చే వేళకి రేవు నిండిపోయింది. సత్యవతి గారు బెంచీ పక్కన నిలబడ్డారు. ఎదురు బెంచీ మీద వెంకటరత్నం గారు తువ్వాలు భుజాన వేసుకుని, తీర్పు వినడానికి వచ్చినవాడిలా కూర్చున్నారు. నేను గొంతు సవరించుకుని చదివేను. తరవాత టీకొట్టాయన, ఆమ్లం అంటే యాసిడే కదండీ అన్నాడు. అవునన్నట్టు తలూపేను.

అందరూ ఒక్కసారి వెంకటరత్నం గారి వేపు తిరిగేరు.

నా తెలివితేటలు ఎక్కడికి దారి తీసేయో అప్పుడు తెలిసింది. పోసింది నువ్వేనంటూ వెనకనుంచి ఎవరో అన్నారు. పెద్దాయన తువ్వాలు నేలకేసి కొట్టి లేచేరు. తాను పోసేనని చెప్పే మొగాడెవడో ముందుకి రమ్మన్నారు. ఇద్దరు కుర్రాళ్ళు వచ్చేరు కూడా. ప్రెసిడెంటు గారు మధ్యలోకి వెళ్తే, ఆయన్ని ఎవరు తోస్తున్నారో తెలియని పరిస్థితి వచ్చింది. ఇంక దాచడం కుదరదని తెలిసిపోయింది.

"యాసిడ్ కాదండీ బాబూ," అని అరిచేను. "చింతపండు!"

అందరూ ఆగిపోయేరు. ఆ రేవులో చింతపండుతో ఏం తోముతారో, ఎవరు తోముతారో తెలియనివాళ్ళు లేరు. రెండేళ్ళుగా చూస్తున్నదే. ఒక్కొక్కరే సత్యవతి గారి వేపు తిరిగి, వెంటనే చూపు తిప్పేసుకున్నారు. నేను జింకు గురించి, పులుపు గురించి ఏదో గబగబా వివరించేను, ఎవరూ విన్నట్టు లేదు. ఆవిడ మాత్రం విన్నారు.

ఆవిడ నేరుగా నా దగ్గరికి వచ్చేరు. "అయితే ఈ తుప్పు నాన్నగారి వల్ల పట్టింది కాదన్నమాట," అన్నారు.

"కాదండి. ఇనుముకి తీర్పుల సంగతి తెలీదండి."

"నా వల్లేనా?"

"ఆయ్," అని ఒప్పుకున్నాను. తల దించుకున్నాను.

ఆవిడ ఏడుస్తారనుకున్నాను. కళ్ళల్లో నీళ్ళు తిరిగిన మాట నిజమే గానీ, మొహం చూస్తే పండగలా వెలిగిపోతోంది. చీరకొంగు నడుముకి బిగించి, నా చేతిలో కాగితం చూపించి, "ఆ ఆమ్లం గీమ్లం కొట్టేయండి. కూతురు సత్యవతి చింతపండుతో తోమడం వల్ల తుప్పు పట్టింది అని రాయండి. పెద్ద అక్షరాలతో రాయండి. నాన్నగారి తప్పు ఇసుమంత కూడా లేదని కూడా రాయండి," అన్నారు.

టెక్నికల్ రిపోర్టులో అలాంటివి రాయకూడదని చెప్పి చూసేను. రాసేదాకా ఆటో ఎక్కనివ్వనన్నారు. రాసేను. ప్రెసిడెంటు గారు పంచాయతీ ముద్ర తెప్పించి మరీ వేసేరు. ఆవిడ దాన్ని చేత్తో పట్టుకుని, చదవడం వచ్చినవాళ్ళందరిచేతా చదివించేరు. రానివాళ్ళకి తనే చదివి వినిపించేరు. నా తప్పండీ, అంతా నా తప్పేనండీ అని అంత సంబరంగా ఊరంతా చెప్పుకున్న మనిషిని నేను మళ్ళీ చూడలేదు. వెంకటరత్నం గారు తువ్వాలు దులుపుకుని మళ్ళీ వేసుకుని, ఇంటికి వెళ్ళిపోయేరు. గట్లు మళ్ళీ కొలిపించాలన్నవాళ్ళు ఆ రాత్రికే మాట మార్చేరని తరవాత విన్నాను.

కాకినాడలో మేనేజరు గారు రిపోర్టు చదివి, కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చదివేరు. వారంటీ తిరస్కరించడమైనది, కస్టమరు సంతోషముగా అంగీకరించినారు అన్న చోట వేలు పెట్టి, ఆవిడకి ఏం లంచం ఇచ్చేవని నన్ను నిలదీసేరు. వారం తిరిగేసరికి ఆ రిపోర్టు కాపీని అద్దం వేయించి రేవు షెడ్డులో తగిలించేరని కబురొచ్చింది. కస్టమరు పటం కట్టించుకున్న తిరస్కరణ మా కంపెనీ చరిత్రలో అదొక్కటే. ఆనందం పట్టలేక, ఆ బెంచీకి ఉచితంగా మరమ్మతు చేసి రమ్మని మేనేజరు గారే ఆర్డరు వేసేరు.

ఆగస్టులో వెళ్ళేను. తుప్పుని వైరు బ్రష్షుతో తెల్లగా అయ్యేదాకా గోకించి, జింకు పొడి ఎక్కువగా ఉండే పెయింటు రెండు పూతలు వేయించేను. అరిగిపోయిన పేరు రేకు తీయించి, కాకినాడలో కొత్తది ముంచి తెచ్చి బిగించేను. ఇకమీదట ఉత్త మంచినీళ్ళు, మెత్తటి గుడ్డ తప్ప ఏదీ తగలకూడదని సత్యవతి గారికి చెప్పేను. దానికంటే మంచిది జనాన్ని కూర్చోనివ్వడమనీ, ఎదురు బెంచీని కాపాడుతున్నది జనమే అనీ చెప్పేను. ఆవిడ పేరు వంక చూసేరు. నాన్నగారు మాత్రం ఎప్పుడు ఒంటరిగా కూర్చున్నారు గనక, ఎప్పుడూ చుట్టూ నలుగురు ఉండేవారు అని తనలో తనే అనుకున్నారు. తరవాత ఎదురు బెంచీ దగ్గరికి నడిచేరు.

"వెంకటరత్నం బాబాయ్ గారూ, ముందు మీరే కూర్చోవాలి," అన్నారు. "ఇరవై ఏళ్ళు ఆయనకి ఎదురుగా కూర్చున్నారు. ఇవాళ ఆనుకుని కూర్చోండి."

పెద్దాయన ఠక్కున లేవలేదు. చుట్ట ఆర్పి, అటూ ఇటూ చూసి, జనం చూస్తున్నారని నిర్ధారించుకుని అప్పుడు లేచేరు. వచ్చి బెంచీ మధ్యలో సరిగ్గా పేరు ముందు కూర్చున్నారు. మెల్లిగా వెనక్కి వాలి, నూనె రాసిన తల నారాయణమూర్తి గారి పేరుకి ఆనించేరు. పెద్దాయన కళ్ళు మూసుకుని, "చెట్టు మాత్రం నాదేనమ్మా," అన్నారు.

"కాదు బాబాయ్ గారూ," అన్నారావిడ, ఆయన పక్కన కూర్చుంటూ.

ఆ మరుసటేడు వారంటీ కార్డు మళ్ళీ అచ్చు వేయించినప్పుడు, చింతపండు, నిమ్మకాయ, ఇటుకపొడి మొదలైనవాటితో తోమరాదని ఆరో క్లాజు చేర్పించేను. హైదరాబాదు ఆర్డర్లవాళ్ళు అది చదివి నవ్వేవారు, గోదావరి జిల్లాలవాళ్ళు చదివి తోమబోయిన చెయ్యి వెనక్కి తీసుకునేవారు. నా మట్టుకు నేను పద్ధతి మార్చుకున్నాను. మీటరు తీయకముందే రెండు ప్రశ్నలు అడిగేవాణ్ణి. దేంతో తోముతున్నారని మొదటిది, నా దగ్గర్నించి మీకు ఏం కావాలని రెండోది. రిటైరయ్యేదాకా ఆ రెండో ప్రశ్నకి జవాబు విన్న తరవాతే క్లాజుల కాగితం బయటికి తీసేను. కొత్త బెంచీ కావాలన్నవాళ్ళు నేననుకున్నంత మంది లేరు.